విదేశీ చదువుకు ఏ ఇంగ్లిష్ పరీక్ష రాయాలి: శ్రీకాకుళం, విజయనగరం విద్యార్థుల కోసం

టెక్కలి, రాజాం, ఎచ్చెర్ల, విజయనగరం కాలేజీల్లో ఫైనల్ ఇయర్‌లోకి రాగానే పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "సార్, ఐఈఎల్‌టీఎస్, టోఫెల్, పీటీఈ, డ్యువోలింగో... ఇందులో ఏది ఈజీ?"

ఈ ప్రశ్నతో మొదలుపెడితే డబ్బు పోయే అవకాశమే ఎక్కువ. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్, పీటీఈ ఫీజులు మన దేశంలో ఒక్కొక్కటీ 17, 18 వేల రూపాయల చుట్టూ ఉంటున్నాయి. డ్యువోలింగోకు అందులో సగం కూడా కాదు. జీడి తోటల మీదో, చిన్న ఉద్యోగం మీదో నడిచే ఇంట్లో 18 వేలంటే చిన్న మొత్తం కాదు. తప్పు పరీక్ష రాసి అంతా మళ్లీ కట్టే పరిస్థితి ఎవరికీ రాకూడదనే ఇది రాస్తున్నాను.

పరీక్షను మీరు ముందు ఎంచుకోకండి. ముందు కోర్సు, తర్వాత వీసా, ఆ తర్వాత మీ బలహీనత. ఈ మూడూ తేలాక మిగిలేది సాధారణంగా ఒక్క పరీక్షే, మహా అయితే రెండు.

మొదటి పని: కోర్సు పేజీ తెరవండి

మీరు అప్లై చేయాలనుకుంటున్న నాలుగైదు యూనివర్సిటీల పేర్లు ఒక కాగితం మీద రాయండి. ఒక్కోదాని సొంత వెబ్‌సైట్‌లోకి వెళ్లి, మీరు చేరబోయే కోర్సు పేజీలోనే ఇంగ్లిష్ అర్హత ఎంతో చూడండి. యూనివర్సిటీ మొత్తానికి ఉండే సాధారణ పేజీతో సరిపెట్టుకోకండి. ఒకే యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ ఎంఎస్‌కు ఐఈఎల్‌టీఎస్ 6.5 అడిగి, నర్సింగ్‌కు, టీచింగ్‌కు, లాకు 7 అడగడం మామూలే.

అక్కడ మూడు సంగతులు రాసుకోండి. ఏయే పరీక్షలు ఒప్పుకుంటారు, మొత్తం స్కోరు ఎంత కావాలి, ఒక్కో విభాగంలో కనీసం ఎంత కావాలి. ఈ మూడోదాన్ని చాలామంది చదవరు. నష్టమంతా అక్కడే జరుగుతుంది.

ఐఈఎల్‌టీఎస్ లెక్కతో చెబుతాను. ఒక విద్యార్థికి లిజనింగ్‌లో 7.5, రీడింగ్‌లో 7, రైటింగ్‌లో 5.5, స్పీకింగ్‌లో 6 వచ్చాయనుకోండి. నాలుగూ కూడితే 26, నాలుగుతో భాగిస్తే 6.5. కోర్సుకు 6.5 చాలు కదా అని ఇంట్లో అందరూ సంతోషపడతారు. కానీ ఆ పేజీలో "ఏ విభాగంలోనూ 6 కంటే తగ్గకూడదు" అని ఉంటే ఈ స్కోరు పనికిరాదు. రైటింగ్‌లో తగ్గిన ఆ అర బ్యాండ్ (ఐఈఎల్‌టీఎస్ స్కోరును బ్యాండ్ అంటారు) మొత్తాన్ని ఆపేస్తుంది.

రౌండింగ్ కూడా తెలుసుకోండి. సగటు 6.25 వస్తే 6.5గా, 6.75 వస్తే 7గా లెక్కిస్తారు. 6.125 వస్తే మాత్రం 6 దగ్గరే ఆగిపోతుంది. అంటే ఒక్క విభాగంలో అర బ్యాండ్ పెరిగినా మొత్తం స్కోరు మారిపోవచ్చు.

కొన్ని యూనివర్సిటీలు మీరు ఇంగ్లిష్ మీడియంలో డిగ్రీ చదివారని కాలేజీ ఇచ్చే లెటర్‌ను, లేదా ఇంటర్ ఇంగ్లిష్ మార్కులను చూసి పరీక్ష మినహాయిస్తాయి. కన్సల్టెన్సీ నోటి మాట మీద దీన్ని నమ్మకండి. యూనివర్సిటీ అడ్మిషన్ల విభాగానికి మీరే మెయిల్ పెట్టి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. మీ బోర్డు పేరు, మార్కులు, చదివిన సంవత్సరం ఆ మెయిల్‌లో రాయండి.

రెండో పని: వీసా ఏమంటుందో చూడండి

యూనివర్సిటీ ఒప్పుకున్నంత మాత్రాన వీసా వాళ్లు ఒప్పుకుంటారని లేదు. ఇది దేశాన్ని బట్టి మారుతుంది.

అమెరికాలో విద్యార్థి వీసాకు ఫలానా ఇంగ్లిష్ పరీక్షే రాయాలని లేదు. యూనివర్సిటీ ఏది ఒప్పుకుంటే అది చాలు. అందుకే అమెరికా వెళ్లేవాళ్లలో డ్యువోలింగో రాసేవాళ్లు ఎక్కువ. అయితే ఇంటర్వ్యూలో వీసా ఆఫీసర్ మీతో ఇంగ్లిష్‌లోనే మాట్లాడతారు. కాగితం మీద మంచి స్కోరు పెట్టుకుని రెండు వాక్యాలు చెప్పలేకపోతే అనుమానం వస్తుంది.

బ్రిటన్‌లో రెండు దారులున్నాయి. డిగ్రీ స్థాయి, అంతకంటే పై చదువులకు యూనివర్సిటీయే మీ ఇంగ్లిష్‌ను తనకు నచ్చిన పద్ధతిలో పరిశీలించుకోవచ్చు. కాబట్టి మామూలు ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ సరిపోయే సందర్భాలే ఎక్కువ. ఫౌండేషన్ లాంటి డిగ్రీ కంటే కింది కోర్సులకు మాత్రం ప్రభుత్వం గుర్తించిన సురక్షిత పరీక్షే రాయాలి. దానికి "ఐఈఎల్‌టీఎస్ ఫర్ యూకేవీఐ", "పీటీఈ అకడమిక్ యూకేవీఐ" అని విడిగా బుకింగ్ ఉంటుంది (యూకేవీఐ అంటే బ్రిటన్ వీసా విభాగం). ప్రశ్నపత్రం ఒకేలా ఉన్నా, మామూలుది రాశాక దాన్ని యూకేవీఐగా మార్చుకోలేరు. బుక్ చేసే ముందే తేల్చుకోవాలి. ఈ సురక్షిత పరీక్షల జాబితాలో 2014 తర్వాత టోఫెల్ లేదు.

ఆస్ట్రేలియా వీసాకు సొంత జాబితా ఉంది. అందులో ఐఈఎల్‌టీఎస్, పీటీఈ ఉన్నాయి, డ్యువోలింగో లేదు. ఇంట్లో కూర్చుని రాసే ఏ పరీక్షనూ అక్కడ ఒప్పుకోరు. 2024 మార్చి 23 నుంచి విద్యార్థి వీసాకు మామూలుగా కనీసం ఐఈఎల్‌టీఎస్ 6 లేదా దానికి సమానమైన స్కోరు కావాలి. చాలా కోర్సులకు అంతకంటే ఎక్కువే అడుగుతారు కాబట్టి కోర్సు స్కోరునే లక్ష్యంగా పెట్టుకోండి.

కెనడా విషయంలో పాత సమాచారం మన ఊళ్లలో ఇంకా తిరుగుతోంది. త్వరగా వీసా ఇచ్చే ఎస్‌డీఎస్ పద్ధతి 2024 నవంబర్ 8న ఆగిపోయింది. "ఎస్‌డీఎస్ కోసం ప్రతి విభాగంలో 6 తెచ్చుకో" అని ఇప్పటికీ ఎవరైనా చెబితే వాళ్ల సమాచారం పాతదని అర్థం. కెనడాలో ఇంకో ముఖ్యమైన మార్పు వచ్చింది. 2024 నవంబర్ 1 నుంచి, చదువు అయ్యాక ఇచ్చే వర్క్ పర్మిట్‌కూ భాషా పరీక్ష ఫలితం అడుగుతున్నారు. దానికి ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ చెల్లదు. ఐఈఎల్‌టీఎస్‌లోనే జనరల్ ట్రైనింగ్ అనే రకం, సెల్పిప్ అనే కెనడా ఇంగ్లిష్ పరీక్ష, పీటీఈలో కోర్ అనే రకం లాంటివే చెల్లుతాయి. అంటే అడ్మిషన్‌కు ఒకటి, చదువు ముగిశాక మరొకటి రాయాలి. ఆ ఖర్చును ఇప్పుడే బడ్జెట్‌లో వేసుకోండి.

జర్మనీలో ఇంగ్లిష్‌లో బోధించే కోర్సులకు ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ దాదాపు అంతటా నడుస్తాయి. మిగతా రెండింటిని ఒప్పుకునే చోట్లు తక్కువ. మన విద్యార్థులకు 2022 నవంబర్ నుంచి ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు పత్రాలు అసలైనవేనని జర్మనీ వాళ్లు పరిశీలించి ఇచ్చేది) కూడా తప్పనిసరి కాబట్టి దానికి పట్టే సమయాన్నీ లెక్కలో పెట్టుకోండి.

నర్సింగ్ చదివిన అమ్మాయిలు విదేశాల్లో ఉద్యోగ రిజిస్ట్రేషన్ కోసం వెళ్తుంటే అది వేరే దారి. వైద్య రంగం వాళ్లకు ఓఈటీ అనే పరీక్ష ఉంది. ఆ దేశపు నర్సింగ్ కౌన్సిల్ ఏది ఒప్పుకుంటుందో చూసి అది రాయాలి.

ఇప్పుడు మీ కాగితం చూడండి. రాసుకున్న యూనివర్సిటీలన్నీ, వీసా కూడా ఒప్పుకునే పరీక్షలకే టిక్ పెట్టండి. రెండు దేశాలకు అప్లై చేస్తుంటే రెండింటికీ చెల్లేదే ఉంచండి. ఉదాహరణకు అమెరికాతో పాటు ఆస్ట్రేలియా కూడా జాబితాలో ఉంటే డ్యువోలింగో అక్కడితో పక్కకు పోతుంది.

మూడో పని: మీ నోరు, మీ వేళ్లు ఏమంటాయో చూడండి

రెండు మూడు పరీక్షలు మిగిలితే, అప్పుడు "నాకు ఏది నప్పుతుంది" అని అడగండి. ఫ్రెండ్‌కు ఏది ఈజీ అయిందన్నది మీకు సంబంధం లేని సంగతి. దీనికి ఒక ఆదివారం చాలు.

ఉదయం గడియారం పెట్టుకుని, చూసి రాయకుండా, ఏదైనా ఒక అంశం మీద 40 నిమిషాల్లో 250 పదాల వ్యాసం కీబోర్డు మీద టైప్ చేయండి. ఫోన్‌లో ఆటో కరెక్ట్‌కు అలవాటైన వేళ్లు కీబోర్డు మీద ఎంత నెమ్మదిగా కదులుతాయో అప్పుడు తెలుస్తుంది. స్పెల్లింగ్ చెక్ ఆపేసి రాయండి. తర్వాత ఫోన్ రికార్డర్ పెట్టి "మీ ఊరి గురించి చెప్పండి" అన్న ప్రశ్నకు రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడండి. విని చూడండి. ఎక్కడ ఆగుతున్నారు? మాటలు దొరక్క ఆగుతున్నారా, బిడియంతో ఆగుతున్నారా? మాట చివర అచ్చు కలిపి "బస్సు", "బుక్కు" అన్నట్టు పలుకుతున్నారా? మధ్యాహ్నం ఒక ఉచిత శాంపిల్ రీడింగ్, లిజనింగ్ పరీక్ష రాయండి. ఈ నాలుగు పరీక్షలకూ అధికారిక సైట్లలో ఉచిత నమూనా ప్రశ్నలు దొరుకుతాయి.

ఆ ఫలితం పక్కన పెట్టుకుని కింది నాలుగూ చదవండి.

ఐఈఎల్‌టీఎస్‌లో స్పీకింగ్ మనిషితో ఉంటుంది, 11 నుంచి 14 నిమిషాలు. ఎదుటి మనిషి ముఖం చూస్తూ మాట్లాడితే ధైర్యం వచ్చేవాళ్లకు ఇది మంచిది. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమనవచ్చు. మన యాసకు మార్కులు తీసేయరు. మాట స్పష్టంగా అర్థమవుతుందా లేదా అన్నదే చూస్తారు. శ్రీకాకుళం పిల్లలు వేగంగా మాట్లాడతారు. ఇంగ్లిష్‌లోనూ అదే వేగం వస్తే మాటలు కలిసిపోతాయి, కాస్త నెమ్మదించడం ప్రాక్టీస్ చేయండి. మనవాళ్లకు ఇందులో ఎక్కువగా తగ్గేది రైటింగే. గంటలో రెండు రాయాలి, ఒకటి 150 పదాలు, రెండోది 250. రెండోదానికి బరువు రెట్టింపు కాబట్టి మొదటిదాన్ని 20 నిమిషాల్లో వదిలేసి రెండోదానికి వెళ్లాలి. రీడింగ్, లిజనింగ్ చెరో 40 ప్రశ్నలు. ఇంకో మేలు ఉంది. కంప్యూటర్ మీద రాస్తే, ఒక్క విభాగంలోనే స్కోరు తగ్గినప్పుడు ఆ ఒక్కటే మళ్లీ రాసే "వన్ స్కిల్ రీటేక్" సౌకర్యం ఉంది, మొదటి పరీక్ష అయిన 60 రోజుల్లోపు. పైన చెప్పిన 5.5 రైటింగ్ విద్యార్థికి ఇది వరం. అయితే మీ యూనివర్సిటీ, మీ వీసా ఆ రీటేక్ స్కోరును ఒప్పుకుంటాయో లేదో ముందే కనుక్కోండి.

పీటీఈలో మొత్తం కంప్యూటరే. మైకులో మాట్లాడాలి, స్కోరులో ఎక్కువ భాగం సాఫ్ట్‌వేర్ వేస్తుంది. పరీక్షకు సుమారు రెండు గంటలు. స్కోరు 10 నుంచి 90. ఫలితం మామూలుగా రెండు రోజుల్లో వచ్చేస్తుంది కాబట్టి గడువు దగ్గరపడినవాళ్లు దీని వైపు చూస్తారు. ఎదురుగా మనిషి ఉంటే గొంతు ఆరిపోయేవాళ్లకు, టైపింగ్ బాగా వచ్చినవాళ్లకు ఇది నప్పుతుంది. ఇబ్బంది ఏమిటంటే, మూడు సెకన్లు మౌనంగా ఉంటే మైకు ఆగిపోతుంది. గదిలో పక్కవాళ్లంతా ఒకేసారి మాట్లాడుతుంటారు, ఆ గోలలోనే మీరు చెప్పాలి. తడబడినా ఆగకుండా ముందుకు వెళ్లడం ఇందులో అసలు మెలకువ. 2025 ఆగస్టులో పరీక్షలో మార్పులు వచ్చాయి. స్పీకింగ్‌లో సందర్భానికి తగ్గట్టు స్పందించే ప్రశ్న, గ్రూప్ చర్చను విని సారాంశం చెప్పే ప్రశ్న చేరాయి. బట్టీ పట్టిన టెంప్లేట్లతో గట్టెక్కవచ్చని చెప్పే కోచింగ్‌కు డబ్బు కట్టకండి.

టోఫెల్ ఇటీవల చాలా మారింది. 2026 జనవరి 21 నుంచి కొత్త రూపం. స్కోరు 1 నుంచి 6 వరకు ఇస్తారు, కొంతకాలం పాత 120 స్కేలు మీద సమాన స్కోరు కూడా ఇస్తారు. రీడింగ్, లిజనింగ్‌లో మీరు జవాబిచ్చే తీరును బట్టి తర్వాతి ప్రశ్నల కష్టం మారుతుంది. విని తిరిగి చెప్పడం, ఇంటర్వ్యూ లాంటి ప్రశ్నలు, ఈమెయిల్ రాయడం వంటివి వచ్చాయి. అందుకే సీనియర్ల దగ్గర మిగిలిన పాత టోఫెల్ పుస్తకాలతో చదవవద్దు. ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. అమెరికా మాత్రమే లక్ష్యమైనవాళ్లకు, క్లాసులో లెక్చర్ విని నోట్స్ రాసుకునే అలవాటు ఉన్నవాళ్లకు ఇది ఇప్పటికీ మంచి ఎంపిక.

డ్యువోలింగో ఇంట్లో, సుమారు గంటలో అయిపోతుంది. స్కోరు 10 నుంచి 160, ఫలితం రెండు రోజుల్లో. ఫీజు తక్కువ. ప్రాక్టీస్ పరీక్ష ఉచితంగా ఎన్నిసార్లయినా రాయవచ్చు. కానీ నియమాలు కఠినం. గదిలో ఒక్కరే ఉండాలి. మధ్యలో అమ్మ కాఫీ పట్టుకుని వచ్చినా, మీరు స్క్రీన్ నుంచి పదే పదే చూపు తిప్పినా ఫలితం ఆపేయవచ్చు. కరెంటు, నెట్ పోతే టెన్షనే. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజుల్లో, పల్లెల్లో సంక్రాంతికి ఇంటి నిండా చుట్టాలున్నప్పుడు, మైకు సెట్ల మధ్య ఈ పరీక్ష పెట్టుకోకండి. కాలేజీ సెలవు రోజున నిశ్శబ్దంగా ఉండే బంధువుల ఇంట్లో, బ్యాకప్ ఉన్న చోట రాయడం మేలు.

నా అభిప్రాయం అడిగితే, దేశం ఇంకా ఖరారు కానివాళ్లు ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రాయడమే సురక్షితం. ఎక్కువ చోట్ల చెల్లుతుంది, ఒక్క విభాగం మళ్లీ రాసే వీలుంది. అమెరికా ఒక్కటే అనుకుని, మీ జాబితాలోని యూనివర్సిటీలన్నీ ఒప్పుకుంటే, డ్యువోలింగోతో డబ్బు మిగుల్చుకోవడంలో తప్పేమీ లేదు.

నాలుగో పని: పాస్‌పోర్టులో పేరు

బుక్ చేసే ముందు పాస్‌పోర్టు చేతిలో పెట్టుకోండి. పరీక్ష రోజు ఒరిజినల్ పాస్‌పోర్టే చూపాలి, జిరాక్స్ గానీ ఫోన్‌లో ఫొటో గానీ చెల్లదు. మన దగ్గర పేర్లతో వచ్చే చిక్కు ప్రత్యేకమైనది. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు ఉంటుంది. కాలేజీ సర్టిఫికెట్‌లో ఇంటిపేరుకు ఒక్క అక్షరమే ఉంటుంది. పాస్‌పోర్టులో కొందరికి సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, పేరంతా గివెన్ నేమ్‌లోనే ఉంటుంది. పరీక్షకు రిజిస్టర్ అయ్యేటప్పుడు పాస్‌పోర్టులో ఏ గడిలో ఏముందో అక్షరం మారకుండా అదే నింపండి. పాస్‌పోర్టు, టెన్త్ మెమో మధ్యే తేడా ఉంటే ముందు పాస్‌పోర్టు సరిచేయించుకోండి. మన రెండు జిల్లాలూ విశాఖ ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం పరిధిలోకి వస్తాయి. ఆ పని అయ్యాకే పరీక్ష ఫీజు కట్టండి.

ఫీజు అధికారిక సైట్‌లో మీ సొంత ఈమెయిల్‌తో, మీ సొంత ఫోన్ నంబరుతో కట్టండి. ఏజెంట్ మెయిల్ ఇస్తే రేపు ఫలితం, పాస్‌వర్డ్ అన్నీ అతని చేతిలో ఉంటాయి. "పరీక్ష రాయకుండా స్కోరు ఇప్పిస్తాం" అనేవాళ్ల మాట వినకండి. యూనివర్సిటీలు స్కోరును నేరుగా పరీక్ష సంస్థ దగ్గరే సరిచూసుకుంటాయి. దొరికితే సీటు పోతుంది, ఆపై వీసా దరఖాస్తుల మీద మచ్చ పడుతుంది.

ఐదో పని: తేదీ, ప్రయాణం

కోర్సు గడువు నుంచి వెనక్కి లెక్కపెట్టండి. గడువుకు కనీసం రెండు నెలల ముందు పరీక్ష పెట్టుకుంటే, తక్కువ వచ్చినా మళ్లీ రాసే సమయం ఉంటుంది. మరీ ముందు కూడా రాయకండి. ఈ స్కోర్లు రెండేళ్లే చెల్లుతాయి. థర్డ్ ఇయర్ మొదట్లో రాసి, ఉద్యోగం చేసి ఆ తర్వాత వెళ్దామనుకుంటే స్కోరు గడువు దాటిపోతుంది.

సెంటర్ కోసం మనం మామూలుగా విశాఖే వెళ్లాలి. విజయనగరం నుంచి గంటన్నర ప్రయాణం, శ్రీకాకుళం నుంచి వంద కిలోమీటర్లు పైనే. ఇచ్ఛాపురం, పలాస వైపు వాళ్లు ఉదయం స్లాట్ తీసుకుంటే ముందు రోజే చేరుకోండి. హైవే మీద లారీ అడ్డం పడితే, ఆమదాలవలసలో రైలు ఆలస్యమైతే సెంటర్ వాళ్లు ఆగరు. అక్టోబర్, నవంబర్ నెలలు మన తీరానికి తుపాన్ల కాలం. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్, 2018 అక్టోబర్‌లో తిత్లీ మన జిల్లాలను ఎలా స్తంభింపజేశాయో ఇంట్లో పెద్దలకు గుర్తే. ఆ నెలల్లో గడువుకు చివరి తేదీని స్లాట్‌గా పెట్టుకోవద్దు. తేదీ మార్చుకునే నియమాలు, దానికి కోసుకునే రుసుము బుక్ చేసే రోజే చదివి పెట్టుకోండి.

కోచింగ్ గురించి ఒక మాట. మూడో పనిలో చెప్పిన ఆదివారం పరీక్షలో మీ స్కోరు కావాల్సినదానికి దగ్గరగా ఉంటే కోచింగ్ అక్కర్లేదు. అధికారిక ప్రాక్టీస్ పేపర్లు, రోజూ గంట, ఒక తోడు ఉంటే చాలు. రైటింగ్ ఒక్కటి మాత్రం ఎవరో ఒకరు దిద్దాలి. మీ కాలేజీ ఇంగ్లిష్ లెక్చరర్‌ను అడగండి. "సార్, వారానికి రెండు వ్యాసాలు చూసి పెడతారా" అని మర్యాదగా అడిగితే కాదనేవాళ్లు తక్కువ. స్కోరుకు చాలా దూరంలో ఉన్నవాళ్లు, ముఖ్యంగా టెన్త్ వరకు తెలుగు మీడియంలో చదివినవాళ్లు, పరీక్ష ట్రిక్కుల కంటే ముందు మూడు నెలలు ఇంగ్లిష్ మీదే పెట్టండి. రోజూ ఒక ఇంగ్లిష్ వార్త పైకి చదవండి, అదే వార్తను మీ మాటల్లో చెప్పండి. తెలుగు మీడియం నుంచి వచ్చి మంచి బ్యాండ్లు తెచ్చుకున్న పిల్లలు మన జిల్లాల్లో ఉన్నారు, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఫలితం వచ్చాక

మొత్తం స్కోరు కంటే ముందు విభాగాల స్కోర్లను మీ కాగితంతో సరిచూడండి. సరిపోతే అధికారికంగా పంపించండి. పీటీఈ, డ్యువోలింగోలు ఎన్ని యూనివర్సిటీలకైనా ఉచితంగా పంపనిస్తాయి. టోఫెల్‌లో నాలుగింటికి ఉచితం, కానీ ఆ పేర్లు పరీక్షకు ముందే ఎంచుకోవాలి. అందుకే పరీక్ష రోజుకల్లా యూనివర్సిటీల జాబితా ఖాయం చేసుకోండి.

ఒక్క విభాగంలో తగ్గితే వెంటనే మళ్లీ కట్టేయకండి. ముందు ఆ యూనివర్సిటీకి మెయిల్ రాసి, అర బ్యాండ్ తగ్గినా షరతులతో ఆఫర్ ఇస్తారా, ప్రీ సెషనల్ ఇంగ్లిష్ కోర్సు (అసలు కోర్సు మొదలయ్యే ముందు చేసేది) చేసి చేరవచ్చా అని అడగండి. కొన్ని చోట్ల ఇస్తారు. ఇవ్వరంటే ఐఈఎల్‌టీఎస్ వాళ్లు ఆ ఒక్క విభాగానికి రీటేక్ బుక్ చేసుకోవచ్చు. మిగతావాళ్లు కనీసం మూడు వారాలు ఆ విభాగం మీదే కూర్చున్నాకే కొత్త తేదీ తీసుకోండి. స్కోరు కార్డు పీడీఎఫ్, రిజిస్ట్రేషన్ నంబర్, ఫీజు రసీదు ఒక ఫోల్డర్‌లో పెట్టి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా దాచండి. వీసా ఫైల్ చేసేటప్పుడు ఇవన్నీ మళ్లీ అడుగుతారు.